గెలాక్సీలు తిరిగే తీరు: కృష్ణ పదార్థం లేకుండా లెక్క కుదురుతుందా?

(ప్రసంగ పాఠం)

నమస్కారం అండి. వెనక తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తెర మీద బొమ్మ కాస్త దగ్గర నుంచి చూస్తేనే నేను చెప్పేది తెలుస్తుంది.

ఈ బొమ్మలో ఏముంది? నల్లటి పలక మీద ఒక సన్నటి గీత, మధ్యలో ఒక వంపు. అంతే. ఇది గెలాక్సీ బొమ్మ అంటే నమ్మబుద్ధి కాదు. మనకు అలవాటైన సుడులూ చేతులూ ఇందులో లేవు. టెలిస్కోపులో వెలుగు చేరే చోట ఒక సన్నటి చీలిక పెట్టి, అది గెలాక్సీ ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడవునా పడేలా సరిచేసి, లోపలికి వచ్చిన వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చేది ఇది. వేడెక్కిన హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర ఒక ఎర్ర గీతను ఇస్తుంది. గెలాక్సీ తిరగకుండా ఉంటే ఈ గీత నిటారుగా రావాలి. తిరుగుతోంది కాబట్టి మనవైపు వస్తున్న సగంలో గీత నీలం వైపు జరుగుతుంది, మన నుంచి దూరంగా పోతున్న సగంలో ఎరుపు వైపు జరుగుతుంది. సెకనుకు 200 కిలోమీటర్ల వేగానికి ఆ జరుగుడు 0.44 నానోమీటర్లు. వెంట్రుకవాసి అంటామే, దానికంటే ఎంతో చిన్నది.

ఇప్పుడు గీత కొసల వైపు చూడండి. మధ్యలో ఒక్కసారి వంకర తిరిగి, ఆ తర్వాత అటూ ఇటూ తిన్నగా సాగిపోతోంది. మధ్యకు దూరమయ్యే కొద్దీ వేగం తగ్గితే ఈ కొసలు మళ్లీ లోపలికి వంగాలి. వంగడం లేదు. ఈరోజు నేను మాట్లాడబోయేదంతా ఆ తిన్నటి కొసల గురించే.

ఎందుకు వంగాలి అంటారా? సౌరకుటుంబాన్ని తీసుకోండి. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. శని వేగం 9.7. నెప్ట్యూన్ దగ్గరికి వెళ్లేసరికి 5.4 కిలోమీటర్లే. బరువంతా మధ్యలో సూర్యుడి దగ్గర ఉంది, దూరం పోయే కొద్దీ లాగుడు సడలుతుంది, వేగమూ తగ్గుతుంది. గెలాక్సీలో కూడా వెలుగంతా మధ్య భాగంలోనే పోగై ఉంటుంది. అంచుల్లో నక్షత్రాలు పలచన. కాబట్టి అంచుల్లో వేగం తగ్గాలి. ఇందులో తర్కానికి లోటేమీ లేదు. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ కలిసి ఆండ్రోమెడా గెలాక్సీలో 67 చోట్ల మెరిసే వాయు మేఘాల వేగాలు కొలిచారు. అంచు దాకా వెళ్లినా వేగం అనుకున్నట్టు పడిపోలేదు. ఆ తర్వాత పదేళ్లలో వాళ్లు మరెన్నో గెలాక్సీలను ఇలాగే చూశారు. 1978లో ఆల్బర్ట్ బోస్మా రేడియో టెలిస్కోపుతో, చల్లటి హైడ్రోజన్ పంపే 21 సెంటీమీటర్ల తరంగాలు పట్టుకుని, నక్షత్రాలు అయిపోయిన చోటు దాటి ఇంకా బయటి దాకా కొలిచాడు. అక్కడా అంతే. కొసలు తిన్నగానే ఉన్నాయి.

ఈ ముడి విప్పడానికి రెండే దారులు. న్యూటన్ సూత్రంలో వేగానికి రెండు విషయాలతో లెక్క: లోపల ఎంత ద్రవ్యరాశి ఉంది, ఎంత దూరంలో ఉన్నాం. దూరం పెరుగుతున్నా వేగం మారలేదంటే, దూరంతో పాటు లోపలి ద్రవ్యరాశి కూడా పెరుగుతూ పోవాలి. కంటికి కనిపించేది అలా పెరగడం లేదు కాబట్టి కనిపించనిది ఏదో ఉండాలి. అది కృష్ణ పదార్థం. గెలాక్సీ చుట్టూ ఒక పెద్ద గోళంలా పరుచుకుని ఉంటుందని ఊహ. రెండో దారి, బరువు సరిగానే ఉంది, సూత్రమే ఇంత దూరాల్లో సరిపోవడం లేదని అనుకోవడం. ఎక్కువమంది మొదటి దారిలో నడుస్తున్నారు. నేను ఈరోజు రెండో దారి గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే దాన్ని రెండు మాటల్లో తోసిపుచ్చడం చాలాసార్లు విన్నాను. అది అన్యాయం అని నా అభిప్రాయం. అలాగని కృష్ణ పదార్థాన్ని తక్కువ చేయడానికీ నేను రాలేదు. దాని బలం ఎక్కడుందో కూడా చెబుతాను.

చరిత్రలో ఈ రెండు దారులూ ఒకే మనిషికి ఎదురయ్యాయి. యురేనస్ లెక్క తప్పి నడుస్తుంటే, బయట కనిపించని గ్రహం ఒకటి ఉండాలని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త లెవెరియే లెక్కగట్టాడు. 1846లో అతను చెప్పిన చోటే నెప్ట్యూన్ దొరికింది. తర్వాత బుధుడి కక్ష్యలో తేడా వస్తే అదే పద్ధతిలో, సూర్యుడి దగ్గర ఇంకో గ్రహం ఉందన్నాడు. ఎంత వెతికినా దొరకలేదు. వందేళ్లకు 43 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) ఆ చిన్న తేడాను 1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సిద్ధాంతాన్నే మార్చి తీర్చాడు. కాబట్టి కనిపించనిదాన్ని ఊహించడం తప్పు కాదు, సూత్రాన్ని అనుమానించడమూ తప్పు కాదు. ఏ కేసులో ఏది సరైనదో ఆకాశమే చెప్పాలి.

ఇక అసలు విషయం. 1983లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త మొర్దెహాయి మిల్‌గ్రోమ్ ఒకేసారి మూడు పరిశోధనా పత్రాలు ప్రచురించాడు. సూత్రం మారాలంటే ఎక్కడ మారాలి అన్నది ఆయన ప్రశ్న. దూరం ఎక్కువైనప్పుడు మారుతుంది అంటే కుదరదు. చిన్న గెలాక్సీల్లో మధ్యకు బాగా దగ్గర్లోనే తేడా మొదలవుతుంది, కొన్ని పెద్ద గెలాక్సీల్లో చాలా దూరం పోయాక గానీ కనబడదు. ఒకే దూరం అందరికీ సరిపోదు. ఆయన పట్టుకున్నది త్వరణం. లాగుడు ఒక హద్దు కన్నా తక్కువైన చోటల్లా తేడా మొదలవుతుంది అన్నాడు. ఆ హద్దుకు ఏ-నాట్ అని పేరు. దాని విలువ సెకనుకు సెకనుకు 0.00000000012 మీటర్లు.

ఈ సంఖ్య ఎంత చిన్నదో ఒకసారి మనసులోకి తెచ్చుకుందాం. భూమి మనల్ని లాగే త్వరణంలో ఇది 8,000 కోట్లవ వంతు. నిలబడి ఉన్న వస్తువును ఈ త్వరణంతో నెట్టడం మొదలుపెట్టారనుకోండి. అది మనిషి నడిచే వేగం అందుకోవడానికి సుమారు 370 ఏళ్లు పడుతుంది! నెప్ట్యూన్ దగ్గర సూర్యుడి లాగుడు బాగా నీరసంగా ఉంటుంది అనుకుంటాం కదా, అది కూడా ఏ-నాట్ కన్నా 50 వేల రెట్లు పైనే. అందుకే గ్రహాల లెక్కల్లో న్యూటన్‌కు ఢోకా లేదు. మరి సూర్యుడు పాలపుంత మధ్య భాగం చుట్టూ తిరిగే త్వరణం? లెక్క కడితే ఏ-నాట్‌కు దాదాపు రెండింతలు వస్తుంది. అంటే మనం ఆ హద్దు గట్టు మీదే ఉన్నాం.

హద్దుకు దిగువన ఏం జరుగుతుంది? న్యూటన్ చెప్పిన త్వరణాన్ని తీసుకుని, ఏ-నాట్‌తో గుణించి, వర్గమూలం తీయండి. అదే అసలు త్వరణం అంటాడు మిల్‌గ్రోమ్. న్యూటన్ లెక్కలో ఏ-నాట్‌లో నూరో వంతు వచ్చిన చోట, ఈ లెక్కలో పదో వంతు వస్తుంది. అంటే పదింతలు బలం. దీన్నే మాండ్ అంటున్నారు, మార్చిన న్యూటన్ గతిశాస్త్రం అని అర్థం.

బోర్డు మీద రెండు నిమిషాలు లెక్క చేద్దాం, భయపడకండి, పదో తరగతి గణితం చాలు. న్యూటన్ లాగుడు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. వర్గమూలం తీశాం కాబట్టి ఇప్పుడది దూరానికి మాత్రమే విలోమంగా తగ్గుతుంది. ఇటుపక్క, గుండ్రంగా తిరగడానికి కావలసిన త్వరణం ఎంత? వేగం వర్గాన్ని దూరంతో భాగిస్తే వచ్చేది. అటూ ఇటూ ఒక్కో దూరం, రెండూ కొట్టుకుపోయాయి. చూశారా, దూరం సమీకరణంలోంచే మాయమైంది. మిగిలింది ఇది: వేగం నాలుగో ఘాతం, న్యూటన్ గురుత్వ స్థిరాంకం జి, ద్రవ్యరాశి, ఏ-నాట్ మూడింటి లబ్ధానికి సమానం. దూరం లేదు కాబట్టి ఎంత దూరం పోయినా వేగం ఒకటే. తెర మీద తిన్నటి కొసలు అవే.

సంఖ్యలు వేసి చూద్దాం. 10 వేల కోట్ల సూర్యుల ద్రవ్యరాశి ఉన్న గెలాక్సీ తీసుకోండి, నక్షత్రాలూ వాయువూ కలిపి. వేగం సెకనుకు 200 కిలోమీటర్లు వస్తుంది. అంత బరువున్న నిజమైన గెలాక్సీల్లో కొలిచిన వేగాలు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కోటి సూర్యుల ద్రవ్యరాశి మాత్రమే ఉన్న మరుగుజ్జు గెలాక్సీకి అదే సూత్రం 20 కిలోమీటర్లు చెబుతుంది. బరువు 10 వేల రెట్లు తగ్గితే వేగం పదింతలే తగ్గింది. ఇందులో కృష్ణ పదార్థం ఒక్క గ్రాము కూడా వాడలేదు.

ఇంతవరకు విని ఎవరైనా అనవచ్చు, తిన్నటి కొసలు రావడానికే సూత్రం తయారుచేసుకుంటే తిన్నటి కొసలు రాక ఏమవుతాయి అని. న్యాయమైన మాటే. అందుకే తర్వాతి కథ నాకు ముఖ్యం.

కొన్ని గెలాక్సీలు చాలా మసకగా ఉంటాయి. మొత్తం వెలుగు తక్కువని కాదు, ఉన్న నక్షత్రాలే చాలా విశాలంగా, పలచగా పరుచుకుని ఉంటాయి. ఒకే బరువున్న రెండు గెలాక్సీలు ఊహించుకోండి, ఒకటి చిక్కగా, ఇంకొకటి పలచగా. న్యూటన్ ప్రకారం పలచటిది నెమ్మదిగా తిరగాలి, ఎందుకంటే దూరం ఎక్కువ. 1983లో ఇలాంటి గెలాక్సీల వేగాల కొలతలు దాదాపు లేవు. అప్పుడే మిల్‌గ్రోమ్ రాసిపెట్టాడు: వీటిలో త్వరణం మొదటినుంచీ హద్దుకు దిగువే కాబట్టి తేడా మధ్య భాగం నుంచే పెద్దగా కనిపిస్తుంది, చివరి వేగం మాత్రం చిక్కటి గెలాక్సీకి ఎంతో దీనికీ అంతే, సూత్రంలో దూరం లేదు కదా అని.

1990ల్లో స్టేసీ మెక్‌గా అనే యువ ఖగోళ శాస్త్రవేత్త ఈ మసక గెలాక్సీలను కొలిచే పనిలో ఉన్నాడు. ఆయన అప్పుడు కృష్ణ పదార్థం పక్షమే. తన డేటాలో వచ్చినదాన్ని కృష్ణ పదార్థంతో అర్థం చేసుకోవడానికి చాలా అవస్థ పడ్డాడు. పలచటి గెలాక్సీలు నెమ్మదిగా తిరగడం లేదు. అదే బరువున్న చిక్కటి గెలాక్సీలు ఎంత వేగంతో తిరుగుతున్నాయో ఇవీ అంతే వేగంతో తిరుగుతున్నాయి. తర్వాత మిల్‌గ్రోమ్ పాత పత్రాలు తీసి చూస్తే, తాను కొలిచిందంతా పదేళ్ల ముందే అక్కడ రాసి ఉంది. మనిషి తన పక్షానికి విరుద్ధంగా వచ్చిన కొలతను దాచుకోకుండా బయటపెట్టి, ఆ తర్వాత తన ఆలోచననే మార్చుకున్నాడు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకొకటి దగ్గరగా చూపిస్తాను. ఇది ఎన్‌జీసీ 1560 అనే చిన్న గెలాక్సీ, నక్షత్రాల కన్నా వాయువు ఎక్కువగా ఉన్నది. పైన ఉన్న గీత, మధ్య నుంచి బయటికి పోయే కొద్దీ వాయువు ఎంత ఉందో చెబుతుంది. కింద ఉన్నది వేగం. పై గీతలో ఇక్కడ ఒక సొట్ట ఉంది, అంటే వాయువు కాస్త పలుచబడి మళ్లీ పెరిగింది. కింది గీతలో సరిగ్గా అదే చోట వేగంలోనూ ఒక సొట్ట. కృష్ణ పదార్థం లెక్కలో ఈ చోట లాగుడులో ఎక్కువ భాగం ఆ కనిపించని గోళానిదే కావాలి, ఆ గోళం నున్నగా ఉంటుంది. కనిపించే వాయువు వాటా కొంచెమే అయితే దాని సొట్ట మొత్తం వేగంలో ఇంత స్పష్టంగా ఎలా పడింది? మాండ్‌లో దీనికి ప్రశ్నే లేదు. లాగేది ఆ వాయువే, అది తగ్గిన చోట లాగుడు తగ్గింది. ఈ సొట్ట గెలాక్సీలో ఒక వైపు గట్టిగా, రెండో వైపు బలహీనంగా కనిపిస్తుందని అభ్యంతరం ఉంది, అది నిజమే. అందుకని ఈ ఒక్క గెలాక్సీ మీద నేను తీర్పు నిలబెట్టను. కానీ వెలుగులో ఏ వంపు ఉంటే వేగంలో ఆ వంపు కనిపిస్తుందని 2004లో రెన్జో సాన్సిసీ ఒక నియమంలా చెప్పింది చాలా గెలాక్సీలను చూసిన మీదటే.

2016లో మెక్‌గా, ఫెడెరికో లెల్లి, జేమ్స్ షోంబర్ట్ ముగ్గురూ కలిసి 153 గెలాక్సీల నుంచి 2,693 బిందువులు తీసుకున్నారు. ప్రతి బిందువు దగ్గరా రెండే సంఖ్యలు: కనిపించే పదార్థం నుంచి న్యూటన్ చెప్పే త్వరణం, కొలిచిన అసలు త్వరణం. అన్నీ ఒకే కాగితం మీద పెట్టారు. పెద్దవీ చిన్నవీ, చిక్కటివీ పలచటివీ, ఏ రకమైనా బిందువులన్నీ ఒకే సన్నటి బాట మీద వచ్చి పడ్డాయి. ఎక్కువ త్వరణాల దగ్గర న్యూటన్ గీత, ఏ-నాట్ దగ్గర ఒక మలుపు, దాని కింద మిల్‌గ్రోమ్ గీత. చెదురు ఎంత ఉందంటే, చాలావరకు కొలతల్లో వచ్చే పొరపాట్లకే సరిపోతుంది.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. మాండ్ నిజమే కావచ్చు, తప్పే కావచ్చు. ఈ బాట మాత్రం ఉంది. ఇది సిద్ధాంతం కాదు, కొలత. గెలాక్సీలో కనిపించే పదార్థం ఎక్కడ ఎంత ఉందో చెబితే చాలు, అక్కడ వేగం ఎంతో చెప్పేయవచ్చు. కృష్ణ పదార్థమే నిజమైతే, కనిపించేదానికన్నా అయిదింతలున్న ఆ పదార్థం ప్రతి గెలాక్సీలోనూ కనిపించేదాని మాట ఇంత కచ్చితంగా ఎందుకు వింటోందో చెప్పాలి. నక్షత్రాల పేలుళ్లు వాయువును అటూ ఇటూ తోసి ఇలాంటి పొందిక తెస్తాయని కంప్యూటర్ నమూనాలు చేసేవాళ్లు అంటున్నారు, వాళ్ల నమూనాల్లో ఇలాంటి బాట వస్తోంది కూడా. కాదనను. కానీ ముందే చెప్పడం వేరు, కొలిచాక కుదిర్చి చూపించడం వేరు. నేను మొదటిదానికే ఎక్కువ విలువ ఇస్తాను.

(సభలో ఒకరు: గెలాక్సీ మధ్యలో పెద్ద బ్లాక్ హోల్ ఉంటుంది కదండీ, ఈ వేగానికి అది కారణం కాకూడదా?)

మంచి ప్రశ్న అండి, చాలామందికి ఈ సందేహం వస్తుంది. పాలపుంత మధ్యలో ఉన్న బ్లాక్ హోల్ బరువు సుమారు 40 లక్షల సూర్యులు. వినడానికి పెద్దదే, కానీ గెలాక్సీలో నక్షత్రాలు వేల కోట్లు. వాటి ముందు ఇదెంత? పైగా బరువు మధ్యలో ఉంటే సౌరకుటుంబంలో లాగే బయటికి పోతుంటే వేగం తగ్గాలి. మనకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. చిన్న చిన్న బ్లాక్ హోల్స్ గెలాక్సీ చుట్టూ చెల్లాచెదురుగా ఉంటే? దాన్ని కూడా చూశారు. 1990ల్లో పెద్ద మెగలానిక్ మేఘం అనే పక్కనున్న చిన్న గెలాక్సీలో కోటికి పైగా నక్షత్రాలను ఏళ్ల తరబడి గమనించారు. మధ్యలో చీకటి వస్తువేదైనా అడ్డొస్తే, దాని లాగుడు వెలుగును భూతద్దంలా వంచి పోగుచేస్తుంది కాబట్టి నక్షత్రం కాసేపు ప్రకాశవంతంగా మెరవాలి. అలాంటి మెరుపులు మొత్తం లెక్కకు సరిపడేంత రాలేదు.

సరే, ఇప్పుడు రెండో వైపు. మాండ్ ఎక్కడ బోల్తా కొడుతుందో చెప్పకుండా వెళ్లిపోతే నేను మీకు సగమే చెప్పినట్టు.

మొదటిది గెలాక్సీల గుంపులు. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కనిపించని పదార్థం మాట ఎత్తింది కోమా అనే గుంపును చూసే. వందల గెలాక్సీలు ఒకచోట తిరిగే ఈ గుంపుల్లో మాండ్ లెక్క వేసినా ద్రవ్యరాశి చాలదు. న్యూటన్ లెక్కలో అయిదారింతలు తక్కువ పడేది ఇందులో సుమారు రెండింతలకు తగ్గుతుంది. తగ్గింది గానీ పోలేదు. ఆ మిగతాది బరువున్న న్యూట్రినోలు, అంటే దేనికీ దాదాపు తగలకుండా పోయే అతి తేలికైన కణాలు కావచ్చని కొందరు ఆశపడ్డారు. దానికి న్యూట్రినో బరువు సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల బరువుకు వాడే కొలమానం) ఉండాలి. జర్మనీలోని కాట్రిన్ ప్రయోగం 2022లో 0.8 కన్నా ఎక్కువ ఉండదని తేల్చింది. ఆ ఆశ అక్కడితో సరి.

బుల్లెట్ క్లస్టర్ పేరు మీరు వినే ఉంటారు. రెండు గుంపులు ఒకదాన్నొకటి ఢీకొని దాటిపోయాయి. మామూలు పదార్థంలో ఎక్కువ భాగం వేడి వాయువు, అది ఒకదానికొకటి రాసుకుని మధ్యలో ఆగిపోయింది. ఎక్స్-రేలలో కనిపిస్తుంది. గెలాక్సీలు మాత్రం తగలకుండా ముందుకు వెళ్లిపోయాయి. వెనక నుంచి వచ్చే వెలుగు ఎటు వంగిందో చూసి 2006లో గురుత్వం ఎక్కడుందో గీస్తే, అది వాయువు దగ్గర లేదు, గెలాక్సీల వైపు ఉంది. వాయువు దగ్గరే బరువు ఎక్కువ ఉంటే లాగుడు మరోచోట ఎలా ఉంటుంది? మాండ్ వైపు నిలబడి నేను దీనికి తృప్తికరమైన జవాబు ఇవ్వలేను.

ఇంకా పెద్దది విశ్వం పుట్టిన 3 లక్షల 80 వేల ఏళ్లకు బయల్దేరిన తొలి వెలుగు. అందులోని చిన్న చిన్న హెచ్చుతగ్గులను గ్రాఫుగా గీస్తే శిఖరాలు వస్తాయి. వాటిలో మూడో శిఖరం ఎత్తు, వెలుగుతో సంబంధం లేని పదార్థం అప్పటికే ఉండి తీరాలని చెబుతోంది. మామూలు పదార్థం 5 శాతం, కృష్ణ పదార్థం 27 శాతం అనే అంకెలు ఇక్కడినుంచి వచ్చినవే. గెలాక్సీల్లో మాండ్ ఎంత బాగా పనిచేస్తుందో, ఇక్కడ కృష్ణ పదార్థం అంత బాగా పనిచేస్తుంది.

మిల్‌గ్రోమ్ మొదట రాసింది న్యూటన్‌కు సవరణ మాత్రమే. వెలుగు వంగడం, విశ్వం విస్తరించడం లాంటివాటికి ఐన్‌స్టీన్ స్థాయి సిద్ధాంతం కావాలి. 2004లో జేకబ్ బెకెన్‌స్టీన్ ఒకటి కట్టాడు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిపోయిన సంకేతం వచ్చింది. 13 కోట్ల ఏళ్లు ప్రయాణం చేసిన గురుత్వ తరంగాలూ గామా కిరణాలూ 1.7 సెకన్ల తేడాతో చేరాయి. రెండింటి వేగం ఒకటే అని తేలిపోయింది. బెకెన్‌స్టీన్ సిద్ధాంతం మొదటి రూపంలో అలా కుదరదు, కాబట్టి ఆ రూపం పోయింది. ఇంత శుభ్రంగా ఒక సిద్ధాంతాన్ని పరీక్షించగలగడం భౌతికశాస్త్రం గొప్పతనం. 2021లో స్కోర్డిస్, జ్వోస్నిక్ ఇద్దరూ ఇంకో సిద్ధాంతం ఇచ్చారు. అందులో గురుత్వ తరంగాల వేగం సరిపోతుంది, తొలి వెలుగు శిఖరాలూ సరిపోతాయి. ఎలాగంటే, అందులో చేర్చిన కొత్త క్షేత్రాలు తొలి విశ్వంలో కృష్ణ పదార్థంలాగే ప్రవర్తిస్తాయి, గెలాక్సీల్లో మాండ్‌లా ప్రవర్తిస్తాయి. అయితే రెండు దారులు అని మొదట్లో నేను గీసిన గీత ఇక్కడ చెరిగిపోతోందేమో అనిపిస్తుంది.

ఇతర ప్రయత్నాలు కూడా ఉన్నాయి. జాన్ మోఫాట్ 2006లో గురుత్వానికి అదనపు క్షేత్రాలు చేర్చాడు, ఎరిక్ వెర్లిండే 2016లో గురుత్వమే అంతర్లీనంగా ఉన్న సమాచారం నుంచి పుడుతుందన్నాడు. వాటి వివరాల్లోకి ఇప్పుడు వెళ్లను. ఒక్కటి మాత్రం చెబుతాను. కాంతి వేగాన్ని విశ్వం విస్తరించే రేటుతో గుణించి, వచ్చినదాన్ని 6.28తో భాగిస్తే దాదాపు ఏ-నాట్ వస్తుంది. గెలాక్సీల అంచుల్లో దొరికిన సంఖ్యకూ మొత్తం విశ్వం విస్తరణకూ ఏమిటి సంబంధం? కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం దాన్ని అలా వదిలేయబుద్ధి కాదు.

(సభలో ఇంకొకరు: కృష్ణ పదార్థం కణాన్ని ఎవరైనా పట్టుకున్నారా?)

ఇప్పటిదాకా లేదండి. అమెరికాలో దక్షిణ డకోటాలో భూమికి దాదాపు కిలోమీటరున్నర లోతున, ఎల్‌జెడ్ అనే ప్రయోగంలో 7 టన్నుల ద్రవ జినాన్‌ను చీకట్లో పెట్టి కాపలా కాస్తున్నారు. ఎక్కడో ఒక కణం జినాన్ పరమాణువును తాకితే ఒక చిన్న మెరుపు రావాలి. ఇటలీలో, చైనాలో కూడా ఇలాంటివే ఉన్నాయి. ఎక్కువమంది ఆశించిన బరువైన కణం ఏ ఒక్కదానిలోనూ దొరకలేదు. దొరకలేదు కాబట్టి లేదు అనడం తొందరపాటు, కణం మనం అనుకున్న రకం కాకపోవచ్చు. కానీ రేపు నిజంగా దొరికితే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. అప్పుడు కూడా ఆ 2,693 బిందువుల బాట ఎందుకొచ్చిందో ఆ కణమే చెప్పాల్సి ఉంటుంది.

చివరిగా, గెలాక్సీలను పక్కన పెట్టి ఈ తగువు తేల్చగల పరీక్ష ఒకటి ఉంది. సూర్యుడి లాంటి నక్షత్రం నుంచి ఎంత దూరం పోతే లాగుడు ఏ-నాట్‌కు పడిపోతుంది? లెక్క వేస్తే భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరానికి సుమారు 7 వేల రెట్లు. ఆకాశంలో చాలా జంట నక్షత్రాలు ఒకదానికొకటి అంత దూరంలో, ఇంకా ఎక్కువ దూరంలో ఉండి నెమ్మదిగా తిరుగుతున్నాయి. వేగం సెకనుకు కొన్ని వందల మీటర్లే. అంత చిన్న చోటులో పట్టే కృష్ణ పదార్థం సూర్యుడి బరువులో లక్షో వంతు కూడా ఉండదు, లెక్కలోకే రాదు. కాబట్టి ఆ జంటలు న్యూటన్ కన్నా వేగంగా తిరిగితే, కృష్ణ పదార్థం పేరు చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు. పాలపుంత లాగుడు కూడా వాటి మీద ఉంటుంది కాబట్టి మాండ్ ప్రకారం వేగంలో తేడా ఇరవై శాతం దరిదాపుల్లో రావాలి.

గైయా అంతరిక్ష టెలిస్కోపు కొలతల నుంచి ఈ జంటలను ఏరి కొందరు లెక్క కట్టారు. 2023లో క్యు-హ్యున్ చే, అలాగే హవియర్ ఎర్నాండెజ్, తేడా కనిపిస్తోంది అన్నారు. ఇంద్రనీల్ బానిక్ బృందం అదే గైయా డేటాతో తేడా లేదు, న్యూటనే సరి అంది. గొడవంతా ఒక్కచోట ఉంది: జంట అనుకున్నదాంట్లో కనిపించని మూడో నక్షత్రం దాక్కుని ఉంటే అది వేగాన్ని పెంచి చూపిస్తుంది. అలాంటి జంటలను ఎలా ఏరివేయాలి, ఏరలేనివాటికి లెక్కలో ఎంత వదలాలి అన్న దగ్గర రెండు వర్గాలూ విడిపోయాయి. గైయాను 2025 మార్చిలో ఆపేశారు, కానీ అది పంపిన కొలతల్లో ఇంకా చాలా భాగం బయటికి రావాల్సి ఉంది. ఎక్కువ ఏళ్ల గమనింపు కలిస్తే, దాక్కున్న మూడో నక్షత్రం తన జతను అటూ ఇటూ ఊపడం చాలా జంటల్లో నేరుగా కనిపిస్తుంది. ఆ పట్టిక వచ్చిన రోజున నేను మొదట తెరిచేది 7 వేల రెట్ల దూరం దాటిన జంటల వరుసే. నమస్కారం.